వడ్ల బరువు సరిగ్గానే ఉంది, డబ్బే తగ్గుతోంది: సి ప్రోగ్రాంలో డేటా టైపుల తకరారు

తమ్ముడూ, నీ కోడ్ మొత్తం చూశాను. తర్వాత ఇది చదివేవాళ్ల కోసం ముందు నీ సమస్య ఏంటో క్లుప్తంగా చెప్తాను. మిర్యాలగూడ దగ్గర మీ ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం ఉంది. కాంటా మీద వచ్చిన బరువు ఇస్తే బస్తాలెన్ని, మిగిలిన కిలోలెన్ని, రైతుకు రావాల్సిన డబ్బెంత అని చెప్పే సి ప్రోగ్రాం నీ డిప్లొమా మినీ ప్రాజెక్టు. శేషం తీసే లైను దగ్గర కంపైలర్ "ఇన్‌వాలిడ్ ఆపరాండ్స్ టు బైనరీ %" అంటోంది. బరువును ఇంట్‌గా (పూర్ణసంఖ్యగా) మారిస్తే ఎర్రర్ పోయింది కానీ డబ్బు తక్కువ వస్తోంది. తేమ సగటు ఎప్పుడూ చివర సున్నాలతోనే వస్తోంది. ఒకచోట ఏ సంబంధమూ లేని నంబర్ ప్రింట్ అవుతోంది. పైగా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఒక జవాబు, కాలేజీ ల్యాబ్‌లో టర్బో సి అనే పాత కంపైలర్ మీద మైనస్ జవాబు. ఎల్లుండే వైవా అని టెన్షన్ పడుతున్నావు.

టెన్షన్ అక్కర్లేదు. నేను ఈ చుట్టుపక్కల రైస్ మిల్లులకు, వేబ్రిడ్జిలకు ఇలాంటి ప్రోగ్రాంలే రాస్తుంటాను. నువ్వు ఐదు సమస్యలు అడిగావు గానీ, చాలావరకు వాటి వేరు ఒక్కటే. సి లో ఒక లెక్క ఏ టైపులో జరగాలో ఆ లెక్క గుర్తుకు (+, *, / లాంటివి) రెండు పక్కలా ఉన్న విలువలే తేలుస్తాయి. వచ్చిన జవాబును నువ్వు ఏ వేరియబుల్‌లో పెడుతున్నావు అన్నది కంపైలర్ అప్పుడు చూడదు. ముందు కుడివైపు లెక్క పూర్తవుతుంది, ఆ తర్వాతే దాన్ని ఎడమవైపు టైపులోకి మారుస్తుంది. ఈ ఒక్క విషయం పట్టుకుని చదువు, కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ఒక మాట. ఇక్కడ కోడ్‌ను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఇంట్ (పూర్ణసంఖ్యల టైపు), ఫ్లోట్ (దశాంశాల టైపు), ప్రింట్‌ఎఫ్ (తెర మీద చూపించే ఫంక్షన్) లాంటివి ఎడిటర్‌లో ఎప్పటిలాగే ఇంగ్లిష్‌లో టైప్ చేసుకో.

ముందు కంపైలర్ ఆపేసిన చోటు చూద్దాం.

ఫ్లోట్ బరువు = 1250.5;
ఇంట్ బస్తాలు = బరువు / 40;
ఫ్లోట్ మిగులు = బరువు % 40;

రెండో లైనులో 40 పూర్ణసంఖ్యే, అయినా పక్కన ఫ్లోట్ ఉంది కాబట్టి అదీ ఫ్లోట్‌గా మారి 31.2625 వస్తుంది. దాన్ని ఇంట్‌లో పెడుతున్నావు కాబట్టి దశాంశం తర్వాతది కోసేసి 31 మిగులుతుంది. నీకు కావాల్సిందీ అదే. మూడో లైను కుదరదు, ఎందుకంటే శేషం తీసే % గుర్తు సి లో పూర్ణసంఖ్యలకు మాత్రమే ఉంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగూ దశాంశాల మీద కూడా పనిచేస్తాయి, ఈ ఒక్కటి పనిచేయదు. ఎర్రర్ మెసేజ్ చివర బ్రాకెట్లో "హావ్ ఫ్లోట్ అండ్ ఇంట్" అని ఉంటుంది చూడు, అసలు సమాచారమంతా అక్కడే ఉంది. ఎడమవైపు ఫ్లోట్ వచ్చింది, కుడివైపు ఇంట్ వచ్చింది అని కంపైలర్ వేలు పెట్టి చూపిస్తోంది. టర్బో సి అయితే దీన్నే "ఇల్లీగల్ యూజ్ ఆఫ్ ఫ్లోటింగ్ పాయింట్" అంటుంది. పేరు వేరైనా జబ్బు ఒకటే.

దీనికి నెట్‌లో ఎవరిని అడిగినా దశాంశాలకు శేషం తీసే ఎఫ్‌మాడ్ అనే ఫంక్షన్ వాడమంటారు. మ్యాథ్ హెడర్ ఫైల్ పెట్టి ఎఫ్‌మాడ్(బరువు, 40) అని రాస్తే 10.5 వస్తుంది. లినక్స్‌లో కంపైల్ చేసేటప్పుడు కమాండ్ చివర -ఎల్ఎమ్ కూడా పెట్టాలి, లేకపోతే ఆ ఫంక్షన్ దొరకలేదని లింకర్ గొడవ చేస్తుంది. కానీ ఎఫ్‌మాడ్‌ను గుడ్డిగా నమ్మకు. ఎఫ్‌మాడ్(1.0, 0.1) ఇచ్చి చూడు. సున్నా రావాలి అనుకుంటావు, 0.1కి అతి దగ్గరగా ఉన్న సంఖ్య వస్తుంది. 0.1 అనేది బైనరీలో కచ్చితంగా పట్టదు, లోపల దాచుకున్నది దానికంటే రవ్వంత పెద్దది. అందుకే పదోసారి తీసేంత మిగలదు. నీ ప్రోగ్రాంలో 40 పూర్ణసంఖ్య కాబట్టి ఇబ్బంది రాదు గానీ, నీకు ఇంతకంటే సూటి దారి ఉంది:

మిగులు = బరువు - బస్తాలు * 40;

హెడర్ అక్కర్లేదు, ఎఫ్‌మాడ్ అక్కర్లేదు. 1250.5లోంచి 1240 పోతే 10.5. చదివేవాడికి కూడా ఏం చేస్తున్నావో కనిపిస్తుంది.

నువ్వు మాత్రం ఎర్రర్ పోవాలని బరువునే ఇంట్‌గా మార్చేశావు. నీ ప్రోగ్రాంలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది ఇదే. ఎర్రర్ వచ్చినప్పుడు ప్రోగ్రాం ఆగింది, నీకు తెలిసింది. ఇప్పుడు ఆగడం లేదు, తప్పు జవాబును ధైర్యంగా ప్రింట్ చేస్తోంది. డబ్బు లైను ఇలా ఉంది:

ఇంట్ బరువు = 1250;
ఫ్లోట్ డబ్బు = బరువు / 100 * 2320;

2,320 అంటే 2024-25లో గ్రేడ్-ఎ రకం వడ్లకు క్వింటాకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర, నువ్వు సరిగ్గానే పెట్టావు. లెక్క నడిచే తీరు చూడు. భాగహారం, గుణకారం రెండింటికీ ఒకే ప్రాధాన్యం, అందుకని ఎడమ నుంచి కుడికి పోతుంది. ముందు 1250 / 100. రెండు పక్కలా ఇంట్‌లే, కాబట్టి జవాబూ ఇంటే: 12. ఆ అర క్వింటా అక్కడే మాయం. తర్వాత 12 * 2320, అంటే 27,840. అప్పుడు దాన్ని తీసుకుపోయి ఫ్లోట్‌లో పెడితే 27840.00 అని నీట్‌గా కనిపిస్తుంది. ఆ రెండు సున్నాలు చూసి లెక్క దశాంశాల్లోనే జరిగింది కదా అనుకుంటాం. జరగలేదు.

రైతుకు రావాల్సింది 29,011 రూపాయల 60 పైసలు. 1,171 రూపాయల 60 పైసలు తగ్గాయి. ఇందులో అర కిలో కోసేసినందుకు పోయింది 11 రూపాయల 60 పైసలే. మిగతా 1,160 రూపాయలు ఆ ఒక్క / గుర్తు దగ్గర పోయాయి. మన దగ్గర తాలు అని, తేమ అని బస్తాకు కిలో రెండు కిలోల తరుగు తీస్తేనే రైతులు రోడ్డెక్కుతారు. ఇక్కడ ఎవరూ అడగకుండానే అర క్వింటా తరుగు పోయింది. కల్లంలో నెల రోజులు కాపలా ఉండి అమ్ముకున్న మనిషికి అది చిన్న మొత్తం కాదు. అందుకే ఈ లైనుకు ఇంత చోటు ఇస్తున్నాను.

సరిచేయడం చాలా సులువు. బరువును డబుల్‌గా (ఫ్లోట్ కంటే ఎక్కువ అంకెలు పట్టే దశాంశ టైపు) ఉంచు, 100 బదులు 100.0 అని రాయి. చుక్క ఉన్న సంఖ్యను సి డబుల్‌గా తీసుకుంటుంది. ఒక పక్క డబుల్ ఉంటే రెండో పక్క దానంతట అదే డబుల్ అవుతుంది. 1250.5 / 100.0 * 2320 అంటే 29011.60. కొందరు గుణకారాన్ని ముందుకు జరిపి బరువు * 2320 / 100 అని రాస్తారు. ఇంట్ అయినా చాలావరకు కుదురుతుంది, 1250కి 29,000 వస్తుంది. అయితే సీజన్ మొత్తం బరువు ఇచ్చి చూడు. సుమారు 9,25,600 కిలోలు దాటాక గుణకారమే ఇంట్‌లో పట్టదు. ఆ సంగతి కింద చెప్తాను.

ఇదే తప్పు వేరే వేషాల్లో కూడా వస్తుంది. మార్కుల శాతానికి 487 / 600 * 100 అని రాస్తే సున్నా వస్తుంది, ఎందుకంటే 487 / 600 ఇంట్‌లో సున్నా, సున్నాను వందతో గుణిస్తే సున్నానే. 487 * 100 / 600 అంటే 81. 487 * 100.0 / 600 అంటే 81.17. ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాం ప్రతి ల్యాబ్ రికార్డులోనూ ఉంటుంది. 5 / 9 * (113 - 32) అని రాస్తే నల్గొండలో నడి వేసవి మధ్యాహ్నం కూడా సున్నా డిగ్రీలే చూపిస్తుంది. 5.0 / 9 అంటే 45 వస్తుంది.

ఇక తేమ సగటు. మూడు శాంపిళ్లు తీశావు: 17, 17, 18.

ఫ్లోట్ సగటు = (త1 + త2 + త3) / 3;

52 / 3 ఇంట్‌లో 17. కేంద్రంలో వడ్లకు తేమ 17 శాతం మించకూడదన్నది నియమం. నీ ప్రోగ్రాం 17.00 చూపించి "తీసుకోవచ్చు" అంటుంది, అసలు సగటు 17.33. అంటే టైపు తప్పు వల్ల కేవలం ఒక అంకె కాదు, నిర్ణయమే మారిపోయింది. ఇక్కడ క్యాస్టింగ్ (విలువ ముందు బ్రాకెట్లో టైపు పేరు రాసి దాన్ని ఆ టైపులోకి మార్చడం) వాడదామని నువ్వు ఇలా మార్చావు:

సగటు = (ఫ్లోట్)((త1 + త2 + త3) / 3);

మందు సరైనదే, వేసిన చోటు తప్పు. బ్రాకెట్ లోపల భాగహారం ఇంట్‌లో అయిపోయాక, వచ్చిన 17ని ఫ్లోట్ చేస్తే 17.0 కాక ఇంకేం వస్తుంది? క్యాస్ట్ భాగహారం కంటే ముందు పడాలి:

సగటు = (ఫ్లోట్)(త1 + త2 + త3) / 3;

ఇక్కడ క్యాస్ట్ మొత్తానికి తగులుతుంది, / గుర్తు దగ్గరికి వచ్చేసరికి ఎడమవైపు ఫ్లోట్ ఉంటుంది. క్యాస్ట్‌కు భాగహారం కంటే ఎక్కువ ప్రాధాన్యం అని వైవాలో అడిగితే ఈ రెండు లైన్లు పక్కపక్కన రాసి చూపించు. లేదా అసలు క్యాస్ట్ జోలికే పోకుండా 3.0తో భాగించు. నాకైతే అదే ఇష్టం, చూపు తప్పిపోయే అవకాశం తక్కువ.

సంబంధం లేని నంబర్ ప్రింట్ అవుతోంది అన్నావు. దాంట్లో లెక్క తప్పేమీ లేదు. డబ్బు ఫ్లోట్, ప్రింట్‌ఎఫ్‌లో %డి పెట్టావు. ప్రింట్‌ఎఫ్‌కు నువ్వు పంపే విలువల టైపు తెలియదు, కొటేషన్లలో నువ్వు రాసిందే దానికి దిక్కు. ఫ్లోట్ ఇస్తే అది డబుల్‌గా మారి వెళ్తుంది. ఇప్పటి 64 బిట్ల కంప్యూటర్లలో దశాంశాలు ఒక రకం రిజిస్టర్లలో, పూర్ణసంఖ్యలు వేరే రిజిస్టర్లలో వెళ్తాయి. %డి చూసి ప్రింట్‌ఎఫ్ పూర్ణసంఖ్యల వైపు చూస్తుంది, అక్కడ ఏది పడి ఉంటే అది ప్రింట్ చేస్తుంది. అందుకే రన్ చేసిన ప్రతిసారీ నీకు నంబర్ మారుతోంది. %ఎఫ్ పెట్టు, రెండు దశాంశాలు చాలనుకుంటే %.2ఎఫ్.

విలువలు చదివే స్కాన్‌ఎఫ్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే అది ప్రింట్‌ఎఫ్ లాంటిది కాదు. ప్రింట్‌ఎఫ్‌కు ఫ్లోట్ అయినా డబుల్ అయినా %ఎఫ్ సరిపోతుంది. స్కాన్‌ఎఫ్‌కు ఫ్లోట్ అయితే %ఎఫ్, డబుల్ అయితే తప్పనిసరిగా %ఎల్ఎఫ్. నేను పైన బరువును డబుల్ చేయమన్నాను కాబట్టి స్కాన్‌ఎఫ్ కూడా మార్చడం మర్చిపోకు. మార్చకపోతే ఎనిమిది బైట్ల చోటులో నాలుగు బైట్లే రాసి పోతుంది, వచ్చేది చెత్త.

నీ ఇంట్ వెర్షన్‌లో ఇంకో చిత్రం జరిగి ఉంటుంది, గమనించావో లేదో. %డితో చదువుతున్నప్పుడు నువ్వు 1250.5 అని కొడితే, స్కాన్‌ఎఫ్ 1250 తీసుకుని చుక్క దగ్గర ఆగిపోతుంది. ".5" ఇన్‌పుట్‌లోనే ఉండిపోతుంది. తర్వాతి స్కాన్‌ఎఫ్ తేమ కోసం %డితో వస్తే దానికి ఎదురయ్యేది చుక్క. అది అంకె కాదు కాబట్టి ఏమీ చదవకుండా వెనక్కి పోతుంది. తేమ వేరియబుల్‌లో అంతకుముందున్న చెత్తే మిగులుతుంది. "తేమ అడగకుండానే దాటిపోతోంది" అని నువ్వు రాసింది ఇందుకే. స్కాన్‌ఎఫ్ ఎన్ని విలువలు చదవగలిగిందో తిరిగి చెప్తుంది. ఒక విలువ అడిగినప్పుడు ఆ సంఖ్య 1 రాకపోతే అక్కడే ఆపేసి మళ్లీ అడుగు.

ఇప్పుడు డబ్బు సంగతి ఇంకొంచెం లోతుగా. 29011.60 వచ్చింది కదా, అయిపోయిందిలే అనుకోవద్దు. ఫ్లోట్‌లో సుమారు ఏడు అంకెలకే నమ్మకం. ఒక కోటీ 67 లక్షల 77 వేల 216 వరకే ప్రతి పూర్ణసంఖ్యా అందులో కచ్చితంగా పడుతుంది. 1,67,77,217 అని పెడితే చివరి అంకె 6 అయి వస్తుంది. సీజన్‌లో ఒక కేంద్రం ఇచ్చే చెల్లింపులు కోట్లలో ఉంటాయి, పైసలు కాదు కదా రూపాయలే తేడా పడతాయి. ఇఫ్‌లో పోల్చినప్పుడు కూడా ఫ్లోట్ మోసం చేస్తుంది. ఫ్లోట్ రేటు = 23.2; అని పెట్టి, ఇఫ్ (రేటు == 23.2) అని అడుగు. కాదంటుంది. ఎడమవైపు ఉన్నది ఫ్లోట్‌లో కుదించిన 23.2, కుడివైపు ఉన్నది డబుల్‌లో ఉన్న 23.2, రెండూ ఒకటి కావు. దశాంశాలను == తో పోల్చే అలవాటే పెట్టుకోకు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: జనం డబ్బు లెక్కపెట్టే ప్రోగ్రాంలో ఫ్లోట్ ఉండకూడదు. బరువు గ్రాముల్లో, డబ్బు పైసల్లో, రెండూ పూర్ణసంఖ్యలుగా పెట్టుకో. అప్పుడు నువ్వు మొదట వాడాలనుకున్న % గుర్తు కూడా ఏ గొడవా లేకుండా పనిచేస్తుంది. 1250.5 కిలోలు అంటే 12,50,500 గ్రాములు. బస్తాకు 40,000 గ్రాములు. భాగిస్తే 31, శేషం 10,500. కిలోల నుంచి గ్రాములకు మార్చేటప్పుడు మాత్రం ఊరికే వెయ్యితో గుణించి ఇంట్‌లో పెట్టకు. 0.29 * 100 డబుల్‌లో 28.99999... వస్తుంది, ఇంట్‌లో పెడితే 28కి పడిపోతుంది. దగ్గరి పూర్ణసంఖ్యకు చేర్చే ఎల్ఎల్‌రౌండ్ అనే ఫంక్షన్ మ్యాథ్ హెడర్‌లో ఉంది, అది వాడు.

ఇక్కడే రెండో గుంట ఉంది. క్వింటా అంటే లక్ష గ్రాములు, ధర 2,32,000 పైసలు. కాబట్టి పైసలు = గ్రాములు * 232000 / 100000. మన లోడ్‌కు మధ్యలో వచ్చే గుణకారం విలువ 29,011 కోట్ల 60 లక్షలు. మామూలు 32 బిట్ల ఇంట్ పట్టగలిగింది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకే. ఒక్క 40 కిలోల బస్తాకే గుణకారం 928 కోట్లు అవుతుంది, అది కూడా పట్టదు. ఇంట్ పొంగిపోతే ఏం రావాలో సి ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. మామూలుగా ల్యాప్‌టాప్‌లో మన లోడ్‌కు వచ్చేది మైనస్ 19,417 పైసలు, అంటే రైతే ఎదురు 194 రూపాయలు కట్టాలన్నట్టు. దీనికి ఎర్రర్ రాదు.

ఇక్కడ పిల్లలు చేసే పని ఏంటంటే, పైసలు అనే వేరియబుల్‌ను మాత్రం లాంగ్ లాంగ్ (64 బిట్ల పెద్ద పూర్ణసంఖ్య టైపు) చేస్తారు:

లాంగ్ లాంగ్ పైసలు = గ్రాములు * 232000 / 100000;

గ్రాములు ఇంట్‌గానే ఉంటే దీనివల్ల ఒరిగేదేమీ లేదు. మొదట్లో చెప్పిన మాటే మళ్లీ వస్తుంది: గుణకారానికి రెండు పక్కలా ఇంట్‌లే ఉన్నాయి, అది ఇంట్‌లోనే జరిగి అక్కడే పొంగిపోతుంది. తర్వాత ఎంత పెద్ద చోటులో పెట్టినా పోయింది తిరిగి రాదు. గ్రాములనే లాంగ్ లాంగ్‌గా పెట్టు, లేదా సంఖ్య చివర రెండు ఎల్ అక్షరాలు తగిలించు. ఊరికే లాంగ్ సరిపోదా అంటే, 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ ఎనిమిది బైట్లు, విండోస్‌లో నాలుగే. నీ ల్యాప్‌టాప్‌లో నడిచింది ఇంకొకరి దగ్గర నడవకపోవచ్చు.

సాగర్, జూరాల నీటి లెక్కల మీద ప్రాజెక్టులు చేసేవాళ్లు కూడా ఇక్కడే ఇరుక్కుంటారు, వాళ్లకూ ఇదే జవాబు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. ఇంట్‌లో రెండు టీఎంసీలు పడతాయి, మూడోది పట్టదు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులకు నిల్వ 312 టీఎంసీలు. క్యూసెక్కులను (సెకనుకు ఘనపుటడుగులు) రోజుకు మార్చాలంటే 86,400తో గుణిస్తాం. 24,855 క్యూసెక్కుల వరకు ఇంట్‌లో సరిగ్గా వస్తుంది, 24,856 దగ్గర పొంగుతుంది. వరద రాని రోజుల డేటాతో టెస్ట్ చేస్తే ప్రోగ్రాం బాగానే ఉన్నట్టు కనిపించి, గేట్లు ఎత్తే రోజునే తప్పు చూపిస్తుంది.

టర్బో సి లో మైనస్ ఎందుకొస్తోందో ఇప్పుడు నీకే తెలిసి ఉండాలి. అది డాస్ కాలం నాటి కంపైలర్, అందులో ఇంట్ 16 బిట్లే, అంటే 32,767 వరకే. 15 క్వింటాళ్ల డబ్బు 15 * 2320, అంటే 34,800. అది పట్టక మైనస్ 30,736 వస్తుంది. ఇంట్లో 32 బిట్లు కాబట్టి 34,800 సరిగ్గా వస్తుంది. ల్యాబ్‌లో తప్పకుండా టర్బో సి మీదే చూపించాలంటే, అందులో లాంగ్ లాంగ్ లేదు కాబట్టి గ్రాములను, పైసలను డబుల్‌లో పూర్ణసంఖ్యలుగానే పెట్టుకో. డబుల్‌లో 15 అంకెల పూర్ణసంఖ్య కూడా చెక్కుచెదరదు. శేషానికి ఎఫ్‌మాడ్ వాడు, రెండూ పూర్ణసంఖ్యలే కాబట్టి 0.1 లాంటి గొడవ రాదు. ఎల్ఎల్‌రౌండ్ కూడా అందులో ఉండదు, దాని బదులు 0.5 కలిపి ఫ్లోర్ వాడు. వీలైతే మాత్రం మీ సార్‌ను అడిగి జీసీసీ అనే ఇప్పటి కంపైలర్ ఉన్న సిస్టమ్ మీద చూపించు.

నువ్వు అడగని ఒక సంగతి, రేపు వేబ్రిడ్జికి కలుపుతానన్నావు కాబట్టి చెప్తున్నాను. నికర బరువు అంటే లోడ్ లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేయడం. బరువు మైనస్ ఉండదు కదా అని చాలామంది అన్‌సైన్డ్ ఇంట్ (మైనస్ సంఖ్యలు పట్టని ఇంట్) పెడతారు. ఆపరేటర్ రెండు బరువులు తారుమారు చేసి కొట్టాడనుకో. 8,200లోంచి 21,450 తీస్తే మైనస్ 13,250 బదులు 4,29,49,54,046 కిలోలు వస్తుంది. ఇఫ్ (నికరం < 0) అని చెక్ పెట్టినా పట్టుకోలేవు, అన్‌సైన్డ్ ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదు. ఒక పక్క అన్‌సైన్డ్, ఇంకో పక్క మామూలు ఇంట్ ఉన్నా లెక్క అన్‌సైన్డ్‌లోనే జరుగుతుంది. తీసివేత ఉన్నచోట మామూలు ఇంట్ పెట్టు, వచ్చాక మైనసేమో చూడు.

ఇంకొకటి. వేబ్రిడ్జి దగ్గర బరువు చూపించే ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టులో బరువు సాధారణంగా సంఖ్యగా రాదు, అక్షరాలుగా వస్తుంది. 5 అనే అక్షరం కోడ్ 53. దానికి 1 కలిపి %డితో ప్రింట్ చేస్తే 54 వస్తుంది, 6 కాదు. ప్రతి అక్షరం నుంచి '0' అనే అక్షరాన్ని తీసేస్తే అసలు అంకె వస్తుంది:

బరువు = బరువు * 10 + (అక్షరం - '0');

ఇలా ఒక్కో అక్షరానికి చేసుకుంటూ పోతే పూర్తి సంఖ్య తయారవుతుంది. మధ్యలో ఖాళీ వస్తే దాటించడం మర్చిపోకు. చుక్కను మాత్రం ఊరికే దాటిస్తే 1250.5 కాస్తా 12505 అవుతుంది, అందుకని చుక్క తర్వాత ఎన్ని అంకెలొచ్చాయో లెక్క పెట్టుకో. మైనస్ సంఖ్యల మీద % వాడాల్సి వస్తే, -7 % 3 జవాబు -1 అని గుర్తుంచుకో. 1999 ప్రమాణం నుంచి సి లో అది స్థిరపడింది, అంతకుముందు కంపైలర్‌ను బట్టి మారేది.

వీటిలో చాలావాటిని కంపైలరే చెప్తుంది, నువ్వు అడిగితే. జీసీసీకి -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా ఇస్తే ప్రింట్‌ఎఫ్, స్కాన్‌ఎఫ్ తకరార్లు, సైన్డ్ అన్‌సైన్డ్ పోలికలు బయటపడతాయి. దశాంశం కోసేసే చోట్లు మాత్రం ఆ రెండింటితో రావు, -డబ్ల్యూకన్వర్షన్ విడిగా ఇవ్వాలి. రన్ చేసేటప్పుడు ఇంట్ పొంగితే పట్టుకోవడానికి -ఎఫ్‌శానిటైజ్=అన్‌డిఫైన్డ్ ఉంది, ఏ లైనులో పొంగిందో చూపిస్తుంది. కానీ 1250 / 100 = 12 అయ్యే చోట ఏ వార్నింగూ రాదు. భాషలో అది తప్పు కాదు మరి. ఆ ఒక్కటి నీ కళ్లతోనే చూసుకోవాలి: ప్రతి / గుర్తు దగ్గర ఆగి, రెండు పక్కలా ఏ టైపులున్నాయో చదువు.

నీ ప్రోగ్రాం గుండెకాయ ఇలా ఉండాలి:

డబుల్ కిలోలు;
ఇఫ్ (స్కాన్‌ఎఫ్("%ఎల్ఎఫ్", &కిలోలు) != 1) రిటర్న్ 1;
లాంగ్ లాంగ్ గ్రాములు = ఎల్ఎల్‌రౌండ్(కిలోలు * 1000);
లాంగ్ లాంగ్ బస్తాలు = గ్రాములు / 40000;
లాంగ్ లాంగ్ మిగులు = గ్రాములు % 40000;
లాంగ్ లాంగ్ పైసలు = (గ్రాములు * 232000 + 50000) / 100000;

ఆ 50000 కలిపింది మొత్తాన్ని దగ్గరి పైసకు సర్దడానికి. ప్రింట్ చేసేటప్పుడు రూపాయలకు పైసలు / 100, చిల్లరకు పైసలు % 100. చిల్లర దగ్గర %02ఎల్ఎల్‌డి అని పెట్టు. ఆ 02 లేకపోతే 5 పైసలు ".5"గా ప్రింట్ అయి 50 పైసలని చదువుకుంటారు. మిగిలిన గ్రాములను కిలోలుగా చూపించడానికి కూడా ఇదే పద్ధతి, మిగులు / 1000, మిగులు % 1000, అక్కడ 03 పెట్టాలి.

రాశాక మూడు బరువులు ఇచ్చి చూడు. 1250.5 ఇస్తే 31 బస్తాలు, 10.500 కిలోలు, 29011.60 రావాలి. 40 ఇస్తే ఒక బస్తా, మిగులు సున్నా, 928.00. 39.999 ఇస్తే బస్తాలు సున్నా, మిగులు 39.999, డబ్బు 927.98. ఎక్కడైనా తేడా వస్తే ఆ వార్నింగులన్నీ ఆన్ చేసి, వచ్చిన మెసేజ్ ఒక్క అక్షరం కూడా వదలకుండా ఇక్కడే పెట్టు, చూస్తాను.